సంబంధం: కూతురు

తియుర్మా పెట్టె వరండాలో ఉంది. పెట్టె మీద తియుర్మా కూర్చుని ఉంది.

చూరు నీళ్లు ఆమె మోకాళ్ల మీద పడుతున్నాయి. ఆమె మాత్రం రొయ్యల అప్పడాల పొట్లం విప్పి ఒక్కొక్కటే కరకరా నములుతోంది.

బజారు నుంచి వచ్చిన వర్సిని గేటు దగ్గరే ఆగిపోయింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కూరల బుట్ట.

"ఎవరి పని ఇది?"

"నేను చెప్పనమ్మా," అంది తియుర్మా. "చెప్పానంటే చాడీలు కూడా నా ఖాతాలో పడతాయి. అప్పడం తింటావా?"

గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ నికెన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ 'అమ్మా' ఒకటి. ఆ 'తింటావా' ఒకటి. ఆర్నెల్ల క్రితం ఈ ఇంట్లో అద్దెకి దిగినప్పుడు 'వర్సినిగారూ' అని పిలిచిన పిల్ల ఇది! కన్న కూతురై ఉండీ నికెన్ ఇరవై రెండేళ్లుగా తల్లిని 'మీరు' అనే అంటోంది. జావా దీవిలోని సోలో పట్నంలో మర్యాద తెలిసిన ఏ ఇంట్లోనైనా అంతే.

"నా పనే," అంది నికెన్. "గది నాది. ఇన్నాళ్లు పంచుకున్నాను. ఇక నావల్ల కాదు."

"ఇవాళ శనివారం. సోమవారం ఇద్దరికీ పరీక్ష. రెండు రోజులు ఓర్చుకోలేవా?"

"పరీక్ష ఉంది కాబట్టే. ఏకాగ్రత కుదరట్లేదు."

"నా గురక వల్లట," అంది తియుర్మా.

"అవును."

"గురక ఆర్నెల్లుగా ఉంది నికెన్. శిక్షణలో నాకు తొంభై రెండు మార్కులు వచ్చిందే ఈ మధ్య."

వర్సిని గొడుగు మూయడం మర్చిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

వైద్య కళాశాలలో నాలుగో ఏడాది చదువుతున్న ఆ ఇద్దరమ్మాయిలూ తప్పింది ఒకే పరీక్ష. అదీ రెండేసి సార్లు. పేషెంటుతో మాట్లాడే పరీక్ష. గదిలో ఒక ఉత్తుత్తి పేషెంటు కూర్చుంటాడు. విద్యార్థి లోపలికి వెళ్లి ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. గంట మోగితే బయటికి రావాలి. మూడోసారి తప్పితే కళాశాల గేటు బయటే.

తియుర్మా తప్పిందంటే అర్థముంది. వేరే దీవిలో, తోబా సరస్సు ఒడ్డున పుట్టిన పిల్ల. పలకరిస్తే దెబ్బలాడుతున్నట్టు ఉంటుంది. మొదటి పరీక్షలో "ఏమైంది?" అని అడిగితే ఉత్తుత్తి పేషెంటు నిజంగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడట.

కానీ నికెన్ మిగతా పరీక్షలన్నిటిలోనూ ఫస్టు. మాట మెత్తన, నడక మెత్తన. ఎందుకు తప్పుతోందో ఆమెకే తెలియదు.

తప్పినవాళ్లకి పది వారాల ప్రత్యేక శిక్షణ పెట్టారు. దానికి వచ్చే ఉత్తుత్తి పేషెంట్లలో అందరికంటే దిట్ట వర్సిని. ముప్ఫై ఏళ్లు నాటకాల కంపెనీలో రాణి వేషాలు వేసిన మనిషి. "అప్పుడు సింహాసనం మీద కూర్చునేదాన్ని. ఇప్పుడు మూలశంక వేషం వచ్చిందంటే కూర్చోవడానికి కూడా లేదు," అని నవ్వుతుంది.

సొంతవాళ్లకి నేర్పకూడదని నిబంధన. అందుకని నికెన్‌కి ఒక రిటైరైన పోస్ట్‌మాన్ కడుపునొప్పితో దక్కాడు. వర్సిని తియుర్మాకి దక్కింది.

పోస్ట్‌మాన్ నికెన్‌కి వేసిన మార్కులు నలభై ఒకటి.

"అసలు సంగతి చెప్పు," అంది వర్సిని. "గురక మాట పక్కన పెట్టు."

నికెన్ కట్టుకున్న చేతులు విప్పింది. తర్వాత ఒక్కసారిగా అంది.

"మంగళవారం మీరు కళ్లద్దాలు మర్చిపోయి వెళ్లారు. ఇద్దామని శిక్షణ గదుల దగ్గరికి వచ్చాను. మీ గది తలుపు వేసి ఉంది. పక్క గదిలో పరీక్షకులు కూర్చుని చూసే అద్దంలోంచి చూశాను."

వర్సిని మొహంలో రంగు మారింది. "ఏం చూశావు?"

"మీరు ఏడుస్తున్నారు. ఇది మీ చెయ్యి పట్టుకుని కూర్చుంది."

"ఏం విన్నావు?"

"స్పీకరు కట్టేసి ఉంది. ఏమీ వినలేదు. వినాల్సిన పనేముంది? నాన్న పోయి మూడేళ్లయింది. ఒక్కరోజు నా ముందు కంటతడి పెట్టారా? దీని ముందు వెక్కి వెక్కి ఏడ్చారు."

వర్సిని ఊపిరి వదిలింది. "అది వేషం. ఏడవమంటే ఏడుస్తాను. అది నా పని."

"తలనొప్పి వేషానికి ఏడుపెందుకు? మీ పాత్ర కాగితం చక్కెర డబ్బా కింద ఉంటే నేను చదివాను. తలనొప్పి, నిద్ర పట్టదు, భర్త లారీ డ్రైవరు. అంతే. ఏడవాలని ఎక్కడా లేదు."

అప్పడాలు నమిలే చప్పుడు ఆగిపోయింది.

వర్సిని తియుర్మా వైపు చూసింది. తియుర్మా పొట్లం మడతపెట్టింది, చాలా శ్రద్ధగా, ఆ పొట్లం మళ్లీ ఎవరికో అప్పగించాలన్నట్టు.

"బియ్యం కడగాలి," అని వర్సిని లోపలికి వెళ్లిపోయింది.

నికెన్ వెనకాలే వెళ్లింది. తడికాళ్లతో తియుర్మా కూడా.

"నన్ను గెంటింది గదిలోంచే కదా, వంటింట్లోంచి కాదుగా," అంది ఎవరూ అడక్కముందే.

వర్సిని సోయా గింజల టెంపే ముక్కలు కోస్తోంది. కత్తి పలక మీద టకటకమంటోంది. వెనక్కి తిరక్కుండానే అంది, "నువ్వెందుకు తప్పుతున్నావో తెలుసుకోవాలని ఉందా?"

"సొంతవాళ్లకి చెప్పకూడదుగా."

"ఇది వంటిల్లే తల్లీ, కళాశాల కాదు," అంది తియుర్మా.

"నిన్నెవరు అడిగారు?"

వర్సిని చేతులు తుడుచుకుంది. పీట లాంటి పొట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. భుజం మీది కండువా తల మీదికి లాక్కుంది. అంతే. పదేళ్లు మీదపడ్డాయి. భుజాలు కుంగాయి. చూపు నేల మీదికి వాలింది. ఎవరో పల్లెటూరావిడ, ఎప్పుడూ చూడని మనిషి, వంటింట్లో కూర్చుని ఉంది.

"నమస్కారం డాక్టరమ్మగారూ," అంది ఆవిడ. "మీ దగ్గరికి వెళ్లమన్నారు. షుగరు ఉందంటున్నారు."

నికెన్ గోడ గడియారం చూసింది. ఎదురుగా కూర్చుంది. పలకరించింది. తన పేరు చెప్పింది, ఆవిడ పేరు అడిగింది. ఎన్నాళ్ల నుంచి, ఎంత దాహం, రాత్రుళ్లు ఎన్నిసార్లు లేస్తారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఒక్క ప్రశ్న వదల్లేదు. "మీ బాధ నాకు అర్థమైంది," అని కూడా అంది, రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్పే గొంతుతో.

"ఈ మాత్రలు రోజూ రెండు పూటలా వేసుకోవాలి. వేసుకుంటారా?"

"ఇంగ్గిహ్."

"అన్నం తగ్గించాలి. తీపి పూర్తిగా మానేయాలి. సరేనా?"

"ఇంగ్గిహ్."

"వచ్చే శనివారం మళ్లీ రావాలి. వస్తారుగా?"

"ఇంగ్గిహ్, డాక్టరమ్మగారూ."

నికెన్ లేచి నిలబడింది. "నాలుగు నిమిషాలు," అంది. "ఎనిమిదిలో నాలుగే తీసుకున్నాను. ఏదైనా వదిలేశానా?"

"ఆవిడ శనివారం రాదు," అంది తలుపు దగ్గర్నుంచి తియుర్మా.

"వస్తానంది. నీకు చెవుడా?"

వర్సిని కండువా కిందికి దించింది. పల్లెటూరావిడ మాయమైంది. "రాను," అంది. "మాత్రలు ఇంటికెళ్లే దారిలో కాలవలో పారేస్తాను. మా చెల్లెలు ఆ మాత్రలు మొదలుపెట్టిన నెలకే పోయింది. వాటి వల్లే పోయిందని నా భయం. చెబుదామని మూడుసార్లు నోరు తెరవబోయాను. మూడుసార్లూ నువ్వు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయావు."

"మీరు ఇంగ్గిహ్ అన్నారు!"

"అన్నాను. నువ్వు డాక్టరువి. డాక్టరు ముందు ఇంకేమంటాను?"

ఇంగ్గిహ్. పెద్దల ముందు తలవంచి అనే 'చిత్తం'. విన్నాను, కాదనే ధైర్యం లేదు, అని దాని అర్థం. ఒప్పుకున్నట్టు కాదు. జావాలో పుట్టిన పసిపిల్లకి కూడా ఇది తెలుసు.

"నాకు తెలుసు ఆ మాట," అంది నికెన్. "ఉగ్గుపాలతో నేర్చుకున్న మాట."

"అదే నీ తిప్పలు," అంది తియుర్మా. "నాకు తెలీదు. మా ఊళ్లో అవునంటే అవును, కాదంటే గిన్నె విసిరేస్తారు. ఈ ఇంగ్గిహ్ ఏంటో నాకు తల తిరిగిపోయేది. అందుకే అన్న ప్రతిసారీ ఆగి అడిగేదాన్ని. అంటే ఏంటమ్మా? వేసుకుంటావా, వేసుకోవా? ఎందుకు వేసుకోవు? అని. నీకు భాష వచ్చు కాబట్టి నువ్వు అడగవు."

నిజం. ఆ నిజం దీని నోటి నుంచి రావడమే నికెన్ భరించలేకపోయింది.

"ఆహా! ఇక నువ్వే నాకు జావా భాష నేర్పు. మా అమ్మకి జడ కూడా నువ్వే వెయ్యి."

"నికెన్," అంది వర్సిని.

"ఏం, తప్పా? నాకు నేర్పకూడదని నిబంధన చెప్పారు. పది వారాలు దీన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ రహస్యం చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి నాకు పప్పు వడ్డించి పడుకోమన్నారు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే నాకు ఆ నలభై ఒకటి వచ్చేది కాదు!"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"రోజూ. నువ్వు నాతో రోజుకి ఎన్నిసార్లు ఇంగ్గిహ్ అంటావో చూసుకున్నావా? తిన్నావా అంటే ఇంగ్గిహ్. బాగున్నావా అంటే ఇంగ్గిహ్. నీ గదికి వెళ్లి తలుపేసుకుంటావు. ఆ మాట ముందు నేను ఎన్నిసార్లు ఆగి, మళ్లీ అడిగానో నీకు గుర్తులేదు. రెండోసారి అడిగితే విసుక్కునేదానివి."

కుండలో నీళ్లు మరగడం మొదలుపెట్టాయి. ఎవరూ మూత తియ్యలేదు.

"పెట్టె లోపలికి తీసుకురా," అంది వర్సిని. "తడిసిపోతోంది."

నికెన్ నోటిదాకా ఒక మాట వచ్చింది. అదే మాట. మింగేసి వరండాలోకి నడిచింది.

పెట్టె బరువుగా ఉంది. కోపంలో బయటికి ఈడ్చినప్పుడు ఈ బరువు తెలియలేదు. గడప మీదికి ఎత్తబోతే పక్క జేబు జిప్పు నోరు తెరుచుకుంది. మడతపెట్టిన కాగితం ఒకటి తడినేల మీద పడింది.

పైన పెద్దాసుపత్రి ముద్ర ఉంది.

తియుర్మాది అనుకుంది. తిరిగి పెట్టేద్దామనుకుంది. కానీ కాగితం తడికి దానంతటదే విచ్చుకుంది. ముందు కనబడింది చివరి వరస.

'వెంట వచ్చినవారు: తియుర్మా. సంబంధం: కూతురు.'

నికెన్ చెవులు ఎర్రబడ్డాయి. కూతురట. సంతకం కూడా పెట్టింది, అడ్డంగా, మొత్తం గడి ఆక్రమించేలా. గదిలో సగం తీసుకుంది. అమ్మ మాటలు తీసుకుంది. ఇప్పుడు ఇది కూడా.

అప్పుడు గాని పై వరసల మీదికి కళ్లు పోలేదు.

'పేరు: వర్సిని. వయసు: యాభై నాలుగు. ఎడమ రొమ్ములో గడ్డ. సూదితో తీసిన ముక్క పరీక్షకి పంపాం. ఫలితం: సోమవారం ఉదయం ఎనిమిది గంటలు. ఇంటి మనిషి తప్పక వెంట రావాలి.'

తేదీ మొన్న గురువారానిది.

రెండోసారి చదివింది. గడ్డ అన్న మాట కంటే కూతురు అన్న మాట తనకి ముందు గుచ్చుకుందని అప్పుడు తెలిసింది. అది తెలిశాక ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మంట మాత్రం చల్లారలేదు.

వంటింట్లోకి వెళ్లేసరికి ఇద్దరూ ఏదో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఆమెని చూసి ఆపేశారు.

నికెన్ కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

తియుర్మా ముందు తేరుకుంది. "నికెన్, అది... వాళ్లు అడిగారు. బంధువు సంతకం లేనిదే సూది వెయ్యం అన్నారు. ఏం రాయను? అద్దెకున్న పిల్ల అని రాయనా?"

"నేను నిన్ను అడగలేదు." నికెన్ తల్లి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

'నువ్వు'. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. ముగ్గురూ విన్నారు.

వర్సిని పొయ్యి తగ్గించింది. అదే పొట్టి కుర్చీలో కూర్చుంది. ఈసారి కండువా తల మీదికి లాక్కోలేదు.

"మంగళవారం తలనొప్పి వేషమే," అంది. "ఎన్నాళ్ల నుంచి అని తియుర్మా అడిగింది. పాత్రలో ఉన్నదే చెప్పాను. ఇంకేమైనా బాధ ఉందా, డాక్టరుకి చూపిస్తావా అంది. ఇంగ్గిహ్ అన్నాను. ఊరుకోలేదు. అంటే ఏంటమ్మా, ఉందా లేదా, అంది. నాలుగోసారి అడిగింది. నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు మాట్లాడింది ఆ తలనొప్పి ఆవిడ కాదు. నేనే."

"ఎన్నాళ్లుగా ఉంది?"

"రెండు నెలలు."

"రెండు నెలలు నా పక్కనే అన్నం తిన్నావు."

"నీకు పరీక్ష ఉంది. రెండుసార్లు తప్పావు. మూడోసారి తప్పితే ఏమవుతుందో తెలుసు. తర్వాత చెబుదామనుకున్నాను."

"దానికీ పరీక్ష ఉంది! అదీ రెండుసార్లు తప్పింది! దానికి చెప్పావు!"

"అది అడిగింది," అంది వర్సిని.

ఆ రెండు మాటలే. నికెన్ కుర్చీ అంచు పట్టుకుంది. మెల్లగా కూర్చుంది. గడియారం వైపు చూడలేదు.

"నొప్పి ఉందా?" అంది.

"లేదు."

"లేదంటే?"

వర్సిని కళ్లెత్తి కూతురి వైపు చూసింది. చాలాసేపు చూసింది. "చెయ్యి పైకెత్తితే లాగుతుంది. బట్టలారేసేటప్పుడు."

"అందుకేనా ఈ నెలంతా నాతో ఆరేయించావు?"

"ఊఁ."

బయట వాన తగ్గింది. మసీదులోంచి సాయంత్రపు పిలుపు మొదలైంది. తియుర్మా గొంతు సవరించుకుంది. ఆ గొంతు కూడా ఇవాళ చిన్నగా ఉంది.

"సోమవారం ఎనిమిదికి నికెన్‌కి పరీక్ష. పొద్దుటి బ్యాచ్. నాది మధ్యాహ్నం బ్యాచ్. నేను తీసుకెళ్తానమ్మా. అక్కడ నా సంతకం ఉంది కాబట్టి వాళ్లు కూడా ఏమీ అనరు."

మంచి మాటే. తెలివైన మాట. ఆ మాట విన్నాక నికెన్‌కి ఆ పెట్టె మళ్లీ వరండాలోకి విసిరేయాలనిపించింది. ఆ గదిలో, డాక్టరు ఎదుట, అమ్మ పక్క కుర్చీలో ఇది. ఏ వార్తయినా అమ్మతోపాటు ముందు వినేది ఇది. అమ్మ చెయ్యి పట్టుకునేది ఇది. తను మాత్రం అదే ఎనిమిది గంటలకి ఎవరో పోస్ట్‌మాన్ ఉత్తుత్తి కడుపునొప్పికి సానుభూతి చూపిస్తూ ఉంటుంది.

"అదే మంచిది," అంది వర్సిని. లేచి నికెన్ దగ్గరికి వచ్చింది. కుడి చెయ్యి ఆమె నెత్తి మీద పెట్టింది. ఎడమ చెయ్యి కిందికి వేలాడుతోంది. "తియుర్మా నాతో వస్తుంది. నువ్వు పరీక్షకి వెళ్లు. ఇప్పుడు నీకు దాని కిటుకు కూడా తెలిసింది. ఈసారి తప్పవు. నాకు ఆ వార్త ఎలా ఉన్నా, నీ వార్త మంచిదై ఉండాలి. వెళ్తావుగా?"

నికెన్ చూపు బల్ల మీది కాగితం మీదే ఉంది.

"వెళ్తానని చెప్పు, చిట్టితల్లీ."

నికెన్ బల్ల మీది కాగితం అందుకుంది. తడి ఆరేలా అరచేత్తో సాపు చేసింది. సంబంధం అన్న చోట ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకుంది.

తర్వాత లేచి నిలబడింది. సోలో పట్నంలో మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టిన పిల్లలాగా రెండు చేతులూ ముందు కట్టుకుని, తల వంచి, మెత్తగా అంది.

"ఇంగ్గిహ్."